వాసన ఆగిపోయిందంటే సంబరపడకుండ్రి

పోయిన నెల బోర్ల యాసిడ్ పోసుడు మీద నాలుగు ముక్కలు రాసిన, అప్పట్నుంచి ఉత్తరాలు ఒకటే వస్తున్నయి, అందుల సగం గల్ఫ్ లో ఆయిల్ బావుల మీద పనిచేసేటోళ్లవి, వాళ్ల ఇంటోళ్లవి. వరంగల్ చుట్టుపక్కల చమురు బావి ఒక్కటి లేదు, మనకున్నది గ్రానైట్ రాయి, అటు భూపాలపల్లి దిక్కు బొగ్గు. కానీ చమురు బావి కాడ నిలబడి పనిచేసే పోరగాళ్లు మాత్రం జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి మస్తు మంది ఉన్నరు. అందుకే ఈసారి పేజీ అంతా వాళ్లకే.

ప్రశ్న: సార్ నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను యాసిడ్ పంపు చేసే క్రూల హెల్పర్ ని. మామూలు బావికైనా, కంపు గ్యాసు ఉన్న సోర్ బావికైనా పోయేది అదే 15 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్. కానీ సోర్ బావి అనంగనే మా సూపర్వైజర్ పైపును కాపాడే ఇన్హిబిటర్ మందు డ్రమ్ములు మార్పిస్తడు, ఇంకా రెండు మూడు మందులు కలుపుమంటడు, ల్యాబ్ రిపోర్ట్ రాలేదని ఒక్కోసారి రెండు రోజులు పని ఆపుతడు. యాసిడ్ అదే, పైపు అదే, మరి గింత లొల్లి ఎందుకు?
— ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: తమ్మీ, నీ సూపర్వైజర్ మంచోడు, ఆయన ఆపిన రెండు రోజులు నీకు టీ తాగే రోజులనుకో.

ముందుగాల మామూలు బావి సంగతి. అడుగున సున్నపురాయి ఉంటది, యాసిడ్ దాన్ని తిని తొవ్వలు చేస్తది, ఆ తొవ్వల నుంచి చమురు బయటకొస్తది. కానీ యాసిడ్ అక్కడిదాకా పోవాలంటే వేల అడుగుల ఇనుప పైపుల నుంచే పోవాలె, దానికి రాయేది పైపేది అని ఎరుక లేదు గదా, రెండిటినీ తింటది. లోపలికి పోయినకొద్దీ వేడి పెరుగుతది, వేడి పెరిగినకొద్దీ తినుడు పెరుగుతది. అందుకే ఇన్హిబిటర్. చానామంది ఇది యాసిడ్ ని చల్లబరుస్తదనుకుంటరు, అట్ల కాదు, యాసిడ్ బలం యాసిడ్ కు ఉంటది, ఈ మందు పోయి ఇనుము గోడకు పల్చగ అతుక్కుంటది, అంతే. క్వాటర్నరీ అమోనియం రకాలు, ప్రొపార్గైల్ ఆల్కహాల్, సిన్నమాల్డిహైడ్ లాంటివి వాడుతరు. ఈ సిన్నమాల్డిహైడ్ ఏందో తెల్సా, బిర్యానీల దాల్చిన చెక్కకు వాసన ఇచ్చేది అదే, ఆ ముచ్చట చెప్తే మా ఇంట్ల నమ్మలే.

ఎంత మంచి మందేసినా కొంత ఇనుము పోతనే ఉంటది. మామూలు స్టీల్ కు పని మొత్తం అయ్యేసరికి చదరపు అడుగుకు 0.05 పౌండ్ల దాకా పోతే సరే అని పరిశ్రమల ఒక లెక్క నడుస్తది. అంటే చదరపు మీటరుకు దాదాపు 244 గ్రాములు, మందంల చూస్తే 31 మైక్రాన్లు, నీ తల వెంట్రుకల సగం కూడా కాదు. అంతటా సమానంగ పోతే పైపుకు ఏం కాదు, ఒక్క కాడనే గుంత పడితేనే పరేషానీ.

ఇగ సోర్ బావి. సోర్ అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నదని, అదే కుళ్లిన కోడిగుడ్డు వాసన గ్యాసు. ఈ గ్యాసు ఏండ్ల కొద్దీ పైపుల నుంచి పోయి పోయి లోపలి గోడకు నల్లగ ఐరన్ సల్ఫైడ్ పెచ్చు కట్టి ఉంటది. నువ్వు ఇంటర్ సైన్స్ చదివి ఉంటే ల్యాబ్ ల కిప్స్ అపరేటస్ యాదికి తెచ్చుకో, మూడు గాజు బుడ్లు ఒకదాని మీద ఒకటి, నడుమల నల్ల రాళ్లు, యాసిడ్ తగలంగనే బుసబుస గ్యాసు, ప్రాక్టికల్స్ రోజు కారిడార్ అంతా కంపు. ఆ నల్ల రాళ్లు ఐరన్ సల్ఫైడే. నువ్వు సోర్ బావిల యాసిడ్ పంపు చేస్తున్నవంటే కొన్ని వేల అడుగుల పొడుగు కిప్స్ అపరేటస్ నడుపుతున్నట్టే. బావిల నుంచి వచ్చే గ్యాసు ఒక దిక్కు, నీ యాసిడ్ పైపు గోడల నుంచి పుట్టించే గ్యాసు ఇంకో దిక్కు. లెక్క చెప్త చూడు: ఒక్క కిలో ఐరన్ సల్ఫైడ్ పూర్తిగ కరిగితే దాదాపు 390 గ్రాముల గ్యాసు, బయట మామూలు వేడికి 280 లీటర్ల దాకా. ఆ 280 లీటర్లు గాలిల సమానంగ కలిస్తే 28 మీటర్ల పొడుగు, 20 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తున్న ఫంక్షన్ హాల్ మొత్తం 100 పీపీఎం కు, అంటే పది లక్షల్ల 100 వంతులకు వస్తది, ప్రాణానికి ముప్పు అని లెక్కపెట్టే హద్దు అదే. ఇది కిలో పెచ్చుకు, బావిల ఎన్ని కిలోలుంటదో నువ్వే అనుకో.

ఇంకోటి, పెచ్చు అంతటా ఒక్క తీరు ఉండదు. ఒక కాడ యాసిడ్ లేపేస్తది, కింద ఇనుము మెరుస్తది, పక్కన ఇంకా నల్లగనే ఉంటది. మందు అతుక్కునేటప్పుడు ఈ తేడాల కాడ పొర సక్కగ పడదు, గుంతలు పడేది అక్కడనే. పైగా సిన్నమాల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్ మందులు హైడ్రోజన్ సల్ఫైడ్ తోని కలిసి ఖర్చయిపోతయి, అంటే పైపును కాపాడుతదని పోసిన మందు గ్యాసుతోని దోస్తానా చేసుకొని కూసుంటది. అందుకే స్వీట్ బావిల, అంటే ఈ గ్యాసు లేని బావిల పాసైన మందు సోర్ బావిల ఫెయిలయితది. డ్రమ్ములు మార్చేది ఇందుకే.

మిగతా మందులు ఇనుము కోసం. పైపు తుప్పుల నుంచి యాసిడ్ లోకి ఫెర్రిక్ ఇనుము వస్తది, అది హైడ్రోజన్ సల్ఫైడ్ తోని తగిలితే గంధకం పొడి విడిపోతది, రాయిల పడ్డ ఆ గంధకాన్ని యాసిడ్ కరిగించలేదు. అడుగున యాసిడ్ సున్నపురాయిని తిని తిని అలసిపోయినంక పీహెచ్ ఎక్కుతది, అప్పుడు మిగిలిన ఫెర్రస్ ఇనుము మళ్లా ఐరన్ సల్ఫైడ్ అయ్యి నువ్వు తెరిచిన తొవ్వలనే మూస్తది. ఇంత ఖర్చు పెట్టి బావిని బాగుచేద్దామని పోతే ఇంకింత మూసుకుపోయిన కథలు ఇట్లనే అయితయి. అందుకని ఫెర్రిక్ ను ఫెర్రస్ గా మార్చే ఎరిథార్బిక్ యాసిడ్, ఇనుమును పట్టి ఉంచే సిట్రిక్ యాసిడ్, ఈడీటీఏ లాంటివి, గ్యాసును పట్టే స్కావెంజర్ వేస్తరు. స్కావెంజర్ల ఇంకో కిరికిరి ఉన్నది, పైప్లైన్ల వాడే ట్రయజిన్ రకం యాసిడ్ ల పనిచెయ్యదు, యాసిడ్ కు వేరే రకం కావాలె. అన్నిటినీ ఒక్క గిన్నెల పోసి చూడకుండ బావిల పోస్తే ఏమైతదో దేవునికే ఎరుక, ల్యాబ్ రిపోర్ట్ అందుకే.

ప్రశ్న: నాది పరకాలల వెల్డింగ్ షాపు. మా తమ్ముడు రిగ్ మీద ఉంటడు. పైపు తినుకపోతది అంటున్నరు గదా, మరి ఇంకా గట్టి స్టీల్, పి110 లాంటిది వేస్తే అయిపోతది కదా సార్? తమ్ముడేమో సోర్ కు మెత్తటి పైపే వేస్తరు అంటడు, నాకు నమ్మబుద్ధి అయితలేదు.

జవాబు: నమ్మన్నా, తమ్ముడు చెప్పింది నిజం. వెల్డింగ్ చేసేటోనివి, అతుకు పక్కన మరీ గట్టిపడ్డ కాడ చప్పున పగులుతదని నాకంటే నీకే బాగా తెలుసు.

ఇనుమును యాసిడ్ తిన్నప్పుడు హైడ్రోజన్ పుడ్తది. మామూలుగ రెండు హైడ్రోజన్ పరమాణువులు జోడై బుడగ అయ్యి ఎగిరిపోతయి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నకాడ ఈ జోడు కుదరనియ్యదు, ఒంటరి హైడ్రోజన్ లోహం లోపలికి జొచ్చుకపోతది. మెత్తటి స్టీల్ అయితే జర సాగి ఓర్చుకుంటది, గట్టి స్టీల్ సాగదు, మీద బరువు ఉంటే ముందు ఏ సూచన లేకుండ ఫట్ మంటది. దీన్నే సల్ఫైడ్ స్ట్రెస్ క్రాకింగ్ అంటరు. అందుకే 1975 ల నేస్ అనే తుప్పు ఇంజినీర్ల సంఘం తెచ్చిన ఎంఆర్0175 స్టాండర్డ్ ల, ఇప్పుడు ఐఎస్ఓ 15156 అంటున్నరు, మామూలు కార్బన్ స్టీల్ కు గట్టిదనం రాక్‌వెల్ సి అనే కొలతల 22 దాటొద్దని హద్దు పెట్టిండ్రు. ఎల్80 అనే పైపు గ్రేడ్ కు 23 దాకా ఉంటది, దాన్ని ఒప్పుకుంటరు. తుప్పుతోని పైపు రోజులు, నెలలు పట్టి పల్చబడ్తది, క్రాకింగ్ కు కొన్ని గంటలైనా చాలు.

ఇందుల ఒక ముచ్చట చానామందికి తట్టదు. తినుడు వేడి మీద ఎక్కువ, అంటే అడుగున. క్రాకింగ్ మాత్రం మన ఇంటి గదిల ఉండే వేడికే అన్నిటికంటె ఎక్కువ, అంటే బావి పైభాగంల. పైపుల మొత్తం బరువు వేలాడేది కూడ పైభాగం మీదనే. ఇగ చల్లటి యాసిడ్ ను జోరుగ పంపు చేస్తే లోపల వేడిగ ఉన్న పైపు కూడ చల్లబడి క్రాకింగ్ జరిగే వేడికి దిగుతది. అందుకే బావి అడుగున ఉండే వేడి ఒక్కదాని దగ్గరనే టెస్ట్ చేసి ఊకుంటే సరిపోదు.

కజకిస్తాన్ ల కషగాన్ అనే పెద్ద చమురు క్షేత్రం 2013 సెప్టెంబర్ ల మొదలుపెట్టిండ్రు, కొద్ది వారాలల్ల గ్యాస్ పైప్లైన్లు పగులుతున్నయని ఆపేసిండ్రు, కారణం ఈ సల్ఫైడ్ క్రాకింగే. లైన్లన్నీ మార్చి మళ్లా నడిపింది 2016 ల. అక్కడ యాసిడ్ పని కాదు, వట్టి సోర్ గ్యాసే, అయినా చూడు.

ప్రశ్న: నేను డిగ్రీ కెమిస్ట్రీ చెప్తాను, హనుమకొండ. ఒక పాత పుస్తకంలో చమురు బావుల యాసిడ్‌కు ఆర్సెనిక్ ఇన్హిబిటర్ వాడేవారని చదివాను. విషం కాబట్టే మానేశారా?

జవాబు: విషం ఒక్కటే కాదు మేడం, మీ ల్యాబ్ ల ఉన్న కారణమే ఇంకోటి ఉన్నది.

బావిల హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసుడు 1896 ల నే పేటెంట్ అయింది, హెర్మన్ ఫ్రాష్ పేరు మీద, అమెరికా ఒహాయో దిక్కు. భూమిల నుంచి గంధకాన్ని వేడి నీళ్లతోని కరిగించి తీసే పద్ధతికి పేరున్న ఫ్రాష్ ఈయనే. పని బాగనే చేసింది గని పైపులు తినుకపోయినయి, దాంతోని అది మూలకు పడ్డది. మళ్లా 1932 ల మిచిగాన్ ల డౌ కెమికల్, ప్యూర్ ఆయిల్ కంపెనీలు ఆర్సెనిక్ ఇన్హిబిటర్ కలిపి యాసిడ్ పోస్తే బావి లేచి కూసున్నది, అక్కడ్నుంచే ఈ పని ఒక వ్యాపారం అయింది.

ఇప్పుడు మీ సాల్ట్ అనాలిసిస్ కు, అంటే ఉప్పుల ఏ లోహం ఉన్నదో గ్రూపులుగ పట్టే పరీక్షకు రాండ్రి. డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ల హైడ్రోజన్ సల్ఫైడ్ పంపిస్తే సెకండ్ గ్రూప్ ల ఏం పడ్తది? రాగి నల్లగ, ఆర్సెనిక్ పసుపు పచ్చగ, యాంటిమొని నారింజ రంగుల. సోర్ బావిల యాసిడ్ పోసుడంటే సరిగ్గ సెకండ్ గ్రూప్ టెస్ట్ చేసినట్టే గదా! ఆర్సెనిక్ సల్ఫైడ్ అయ్యి అడుగుకు పడిపోతది, పైపుకు కాపలా పోతది. ఇంకింత అన్యాయం ఏందంటే ఆర్సెనిక్ కూడా హైడ్రోజన్ ను లోహం లోపలికి తోసే గుణం ఉన్నదే, రిఫైనరీల క్యాటలిస్టులను కూడా ఖరాబ్ చేస్తది. ఇప్పుడు ఎక్కువ వేడి బావులకు ఇన్హిబిటర్ కు తోడుగ ఇంటెన్సిఫైయర్లని వాడుతరు, ఫార్మిక్ యాసిడ్, పొటాషియం అయొడైడ్, యాంటిమొని, రాగి లవణాలు. అందుల రాగి సోర్ బావికి పనికిరాదని మీ పిల్లలు పరీక్ష నాళిక చూసి చెప్పగలరు. ఈ ప్రశ్న క్లాసుల అడిగి చూడుండ్రి, సెకండ్ గ్రూప్ ఎందుకు నేర్చుకోవాలె అని మూతి ముడిచేటోళ్లు మస్తుగ ఉంటరు.

ప్రశ్న: మా ఇంట్ల బోరు 300 ఫీట్లు, నీళ్లు తగ్గినయి. బాత్రూం యాసిడ్ 10 సీసాలు పోస్తే పెరుగుతయా? — కాజీపేట

జవాబు: పెరగయి. మన కింద గ్రానైట్, దాన్ని ఈ యాసిడ్ ముట్టదు. మోటరు మాత్రం పాడైతది. పైసలు దాచుకొని వానాకాలం దాకా ఆగు.

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం, వరంగల్. ఇన్హిబిటర్ మీద ప్రాజెక్ట్ చేస్తున్న. 15 శాతం యాసిడ్ బీకర్ల పోసి, స్టీల్ ముక్క 6 గంటలు ముంచి, ముందు వెనుక తూకం వేస్తున్న. 95 శాతం కాపాడుతున్నది అని వస్తుంది. దీన్ని సోర్ బావికి పనికొస్తది అని రాయొచ్చా?

జవాబు: రాయొద్దు బిడ్డా. బీకర్ ల ప్రెషర్ లేదు, హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు, ముక్క మీద సల్ఫైడ్ పెచ్చు లేదు. సోర్ కు టెస్ట్ ఆటోక్లేవ్ ల, అంటే ప్రెషర్ కు తట్టుకునే మూత పాత్రల చేస్తరు, బావి వేడి, ప్రెషర్ పెట్టి, అసలు గ్యాసును పంపి, బావిల పోసే మందులన్నీ ఒక్కదాంట్లనే కలిపి. కాలేజీల హైడ్రోజన్ సల్ఫైడ్ తోని ఆటలాడమని నేను చెప్త లేను, దానికి వేరే గది, వేరే ట్రైనింగ్ ఉండాలె. నువ్వు నిజాయితీగ "ఈ వేడి దగ్గర, గ్యాసు లేకుండ, ఇంత" అని రాయి, అది చాలు.

శాతం అనే అంకె కూడా మోసం చేస్తది. మందు లేకుండ పోయే ఇనుము మరీ ఎక్కువ కాబట్టి 95 అనేది సులువుగ వస్తది, మిగిలిన 5 శాతమే 0.05 పౌండ్ల హద్దు దాటి ఉండొచ్చు. చదరపు అడుగుకు ఎంత పోయిందో లెక్క కట్టు. తూకం వేసినంక ముక్కను పారెయ్యకు, కడిగి, ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి చూడు, అంచుల కాడ, వేలాడదీసిన రంధ్రం కాడ ముఖ్యంగ. నేను నౌకరీల కొత్తగ చేరినప్పుడు ఒక ముక్క తెచ్చిండ్రు, తూకం బ్రహ్మాండం, హద్దుల సగం కూడా పోలే. ఎండకు పెట్టి తిప్పి చూస్తే నడుమల సూదితోని పొడిచినట్టు మూడు గుంతలు, గోరు పెడితే తెలుస్తున్నది. పెద్దసారు ఆ మందును పక్కకు పెట్టించిండు, అమ్మెటోడు వారం దినాలు మా ఆఫీసు చుట్టూ తిరిగిండు.

ఫీల్డ్ ల ఇంకో ముచ్చట, ఏ పుస్తకంల దొరకదు. ఒక సైట్ ల, పేరెందుకులే, టెస్ట్ అంతా కరెక్ట్, మందు కరెక్ట్, అయినా పైపు మొదటి భాగం తినుకపోయింది. తీరా చూస్తే రాత్రే ట్యాంక్ ల ఇన్హిబిటర్ పోసి పెట్టిండ్రు, తెల్లారి కలుపకుండనే వాల్వ్ తెరిచిండ్రు. ఈ మందుల్ల చానా వరకు యాసిడ్ ల పూర్తిగ కరగయి, చెదిరి ఉంటయి అంతే, ఊకె నిలబెడితే పాల మీద మీగడ లెక్క పైకి తేలుతయి. ట్యాంక్ అడుగు నుంచి పోయిన మొదటి యాసిడ్ ల మందే లేదు. మీగడ ఆఖరికి పోయింది, అప్పటికి పైపు పని అయిపోయింది. అందుకే పంపు చేసే ముందట తిప్పాలె, తిప్పినంక పైనుంచి, కింది నుంచి శాంపిల్ తియ్యాలె.

ప్రశ్న: అన్నా, మాది హుస్నాబాద్ దగ్గర. మా ఆయన గల్ఫ్ ల యాసిడ్ బండి మీద చేస్తడు. మొన్న ఫోన్ ల "మొదట కోడిగుడ్డు వాసన కొట్టింది, కాసేపటికి పోయింది, గ్యాసు ఎల్లిపోయినట్టుంది" అన్నడు. నవ్వుకుంట చెప్పిండు గని నాకు నిద్ర పట్టలే. వాసన పోతే ఏం కాదా?

జవాబు: చెల్లె, నువ్వు భయపడుడే కరెక్ట్. ఆయనకు ఈ పేపర్ చదివి వినిపియ్యి.

ఈ గ్యాసు గాలిల ఒక పీపీఎం లేకున్నా, అంటే పది లక్షల్ల ఒక వంతు కూడా లేకున్నా ముక్కు పట్టేస్తది. కానీ 100 పీపీఎం దగ్గరికి వస్తే కొన్ని నిమిషాలల్ల ముక్కు మొద్దుబారిపోతది, వాసన తెలుసుడు బంద్ అయితది. గ్యాసు పెరిగినా వాసన పోయినట్టే అనిపిస్తది. 500 దాటితే మనిషి కొద్ది నిమిషాలల్ల కూలబడొచ్చు, 1000 దగ్గర ఒకట్రెండు ఊపిర్లు చాలు. ఈ గ్యాసు గాలి కంటె దాదాపు 1.2 రెట్లు బరువు, గుంతలల్ల, కాలువలల్ల, ట్యాంకుల పక్కన దిగి కూసుంటది. యాసిడ్ పని అయినంక బావి నుంచి తిరిగొచ్చే నీళ్ల ట్యాంక్ దగ్గర ఎక్కువ ప్రమాదం, అందుల మిగిలిన యాసిడ్ ఉంటది, నల్ల పెచ్చు ఉంటది, రెండూ కలిసి ట్యాంక్ ల నే గ్యాసు పుడుతది. ట్యాంక్ మూత కాడ తొంగి చూసుడు, పడిపోయిన దోస్తును మాస్క్ లేకుండ తియ్యబోవుడు, ఈ రెండిటితోనే ఒకని ఎనుక ఒకడు పోతరు.

ఆయనకు ఇది చెప్పు. వాసన వచ్చిందంటే ఆగి ఆలోచించుడు కాదు, గాలి ఎటు నుంచి వస్తుందో గాలి సంచి చూసి దానికి అడ్డంగ నడిచి, జర మెరకకు ఎక్కాలె, కిందికి దిగొద్దు. జేబుకు పెట్టుకునే చిన్న మీటర్ సాధారణంగ 10 పీపీఎం దగ్గర అరుస్తది, నమ్మాల్సింది దాన్ని, ముక్కును కాదు. అయితే మీటర్ కూడా మొద్దుబారుతది, అందుకే దానికి బంప్ టెస్ట్ అని చేస్తరు, కొద్దిగ గ్యాసు చూపించి అరుస్తుందా లేదా అని చూసుడు. ఈసారి ఫోన్ చేసినప్పుడు తిన్నవా అని అడిగినంక ఇది అడుగు: "నీ మీటర్ కు బంప్ టెస్ట్ ఈ పొద్దు చేసిండ్రా?" అని. ఎవరు చేసిండ్రు, ఎన్నింటికి చేసిండ్రు అని కూడా అడుగు, జవాబు చప్పున రాకుంటే మళ్లా అడుగు.